వీసా మీద క్లీనర్, చేతిలో క్రింపింగ్ టూల్

సోనాపూర్‌లో మా క్యాంపు గేటు ముందు పొద్దున నాలుగున్నరకల్లా ఆరు బస్సులు నిలబడతాయి. ఐదు బస్సులు సైట్లకు పోతాయి. ఆరోదాన్ని క్యాంపులో అందరూ 'సాఫ్ట్‌వేర్ బస్సు' అంటారు. అది షేక్ జాయెద్ రోడ్డు పొడుగునా పోయి దుబాయ్ ఇంటర్నెట్ సిటీ దగ్గర మమ్మల్ని దింపుతుంది. ఆ బస్సెక్కే మా ముప్పై ఎనిమిది మందిలో సాఫ్ట్‌వేర్ తెలిసినవాడు ఒక్కడూ లేడు. క్లీనర్లు, ఆఫీస్ బాయ్‌లు, ఏసీ హెల్పర్లు, కేబుల్ లాగేవాళ్లు, ఒకడు చెట్లకు నీళ్లు పోసేవాడు. అయినా మేము బస్సెక్కుతుంటే సైటు బస్సు కిటికీలోంచి ఎవడో ఒకడు కేకేస్తాడు. "ఓ ఇంజినీర్ సాబ్, నాకు కూడా ఒక కంప్యూటర్ తేరాదే!"

ఎగతాళి వాళ్లది. కానీ మా అమ్మకు అది ఎగతాళి కాదు. మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో ఆమె ఇప్పటికీ అందరికీ "మా పెద్దోడు దుబాయిల కంప్యూటర్ కంపెనీల జేస్తడు" అనే చెబుతుంది. నా పెళ్లి సంబంధం కూడా ఆ మాట మీదే కుదిరింది. పెళ్లయిన నెలకు నా భార్య నా పతాక చూసి, దాని మీద ఏం రాసి ఉందో తన తమ్ముడితో చదివించుకుంది. 'క్లీనర్' అని చదివాడు. ఆమె ఏమీ అనలేదు. ఆ రాత్రి మాత్రం, "కంప్యూటర్లు తుడుస్తవా?" అని అడిగింది. తుడుస్తానని చెప్పాను. నిజమే చెప్పాను.

ఈ పేజీలో 'నా పని - నా అనుభవం' రాయమని అడిగినప్పుడు, మేస్త్రీలూ స్టీల్ ఫిక్సర్లూ రాసే చోట నేనేం రాస్తానని అనుకున్నాను. నేను ఎండలో కమ్మీ మోసినవాణ్ణి కాదు. కానీ మన క్యాంపుల్లో ఇప్పుడు ప్రతి రూములో ఒకడో ఇద్దరో ఏదో ఒక 'టెక్నాలజీ' కంపెనీ పని చేస్తున్నారు. ఆఫీసు తుడిచేవాడు, సర్వర్ రూములో కేబుల్ లాగేవాడు, యాప్ చూసుకుంటూ బైకు మీద తిండి పంచేవాడు. ఊళ్లో ఉన్న తమ్ముళ్లు కూడా మేస్త్రీ వీసా వద్దన్నా, కంప్యూటర్ పని చూడమని ఫోన్ చేస్తున్నారు. వాళ్ల కోసమైనా ఉన్నది ఉన్నట్టు చెప్పాలనిపించింది.

నేను 2013లో వచ్చాను. సప్లై కంపెనీ వీసా. ఏజెంటు నాకు 'ఆఫీస్ పని, ఏసీలో పని' అని చెప్పాడు. ఆ ఒక్క మాటా నిలబెట్టుకున్నాడు, పని ఏసీలోనే. నేను దిగిన ఆఫీసు పేరున్న టెక్నాలజీ కంపెనీది. పేరు రాయను. రెండు అంతస్తులు, గోడలు అద్దాలు, ఒక మూలన ఆడుకోవడానికి బల్ల, ఇంకో మూలన పడుకోవడానికి బీన్ బ్యాగులు. మొదటి వారం నాకు అర్థం కానిది ఒకటే. వీళ్లు పని ఎప్పుడు చేస్తారు? కాఫీ కప్పు పట్టుకుని నిలబడి నవ్వుకుంటారు, మళ్లీ రాత్రి తొమ్మిదింటికి నేను డస్ట్‌బిన్‌లు తీయడానికి వెళితే అదే మనిషి అదే కుర్చీలో కళ్లు ఎర్రగా చేసుకుని కూర్చుని ఉంటాడు. వాళ్ల పని బయటికి కనబడదు, మన పని కనబడుతుంది. అంతే తేడా అనుకున్నాను అప్పట్లో.

అసలు తేడా మెడలో ఉండేది. వాళ్ల ట్యాగు నీలం, మాది బూడిద రంగు. నీలం ట్యాగుకు అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. బూడిద రంగుకు ప్యాంట్రీ, టాయిలెట్లు, వెనక లిఫ్టు. మేము ఆ ఆఫీసులో పదేళ్లు పనిచేసినా ఆ కంపెనీ ఉద్యోగులం కాదు. మా జీతం సప్లై కంపెనీది, మా వీసా సప్లై కంపెనీది, మాకు జ్వరమొస్తే ఫోన్ చేయాల్సింది సప్లై కంపెనీ ముదీర్‌కు. ఆఫీసులో కొత్త సంవత్సరం గిఫ్టులు పంచిన రోజు మాకూ ఒక్కొక్కరికి ఒక చాక్లెట్ డబ్బా ఇచ్చారు. ఇచ్చినాయన మంచివాడు. కానీ నీలం ట్యాగు వాళ్లకు ఇచ్చిన సంచుల్లో ఏముందో ఆ సంచులు మోసిన మాకు తెలుసు.

ఎనిమిది రంగులు

2015లో ఆఫీసు ఒక అంతస్తు పెంచారు. కేబుల్ కాంట్రాక్టు తీసుకున్న వాళ్లకు మనుషులు తక్కువపడి, మా సూపర్‌వైజర్ నన్నూ ఇంకో ఇద్దరినీ పంపాడు. పని చాలా మామూలుది అన్నారు. ఫాల్స్ సీలింగ్ పైనుంచి కేబుల్ లాగాలి, వంపు తిరిగే చోట నలగకుండా చూడాలి, రెండు చివర్లా నంబర్ అంటించాలి. నంబర్ మర్చిపోతే మాత్రం రెండు వందల కేబుళ్లలో ఏది ఏదో దేవుడికే తెలియాలి.

ఆ కాంట్రాక్టులో ఒక నేపాలీ టెక్నీషియన్ ఉండేవాడు. కేబుల్ చివర తోలు ఒలిచి, లోపలి ఎనిమిది వైర్లను గోటితో సరిచేసి, ఒక ప్లాస్టిక్ జాక్‌లో దూర్చి, క్రింపింగ్ టూల్‌తో ఒక్క నొక్కు నొక్కేవాడు. నేను చూస్తూ నిలబడితే ఒక తెగిన ముక్క నా చేతికిచ్చాడు. రంగులు వరస చెప్పాడు. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మూడో రంగు తర్వాత ఆకుపచ్చ కాదు, నీలం రావాలి. అందరూ తప్పేది అక్కడే. నేనూ తప్పాను, ఒకసారి కాదు, ఒక ఇరవై సార్లు. రాత్రి క్యాంపులో మంచం మీద కూర్చుని చెత్తలోంచి తెచ్చిన ముక్కలతో చేసేవాణ్ణి. కింది మంచం ఆయన, నిర్మల్ మనిషి, "బతుకమ్మ పేరుస్తున్నవా ఏందిరా?" అని నవ్వేవాడు.

రెండు నెలలకు చేయి కుదిరింది. కేబుల్ రెండు చివర్లా టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలగాలి. ఒక్కటి వెలగకపోయినా, వరస తప్పి వెలిగినా జాక్ కోసి పారేసి మళ్లీ చేయాలి. గోడలోంచి మనిషి కంప్యూటర్ దాకా మొత్తం వంద మీటర్లు మించకూడదు, ట్యూబులైటు పక్క నుంచి లాగకూడదు, కరెంటు వైరుతో కలిపి కట్టకూడదు. ఇదంతా ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. తిట్లు తిని నేర్చుకున్నది.

ఆ కాంట్రాక్టు అయిపోయాక కూడా ఆఫీసులో ఎక్కడ నెట్ పోయినా నన్నే పిలిచేవారు. చేతిలో మాప్ పక్కన పెట్టి టెస్టర్ పట్టుకునేవాణ్ణి. జీతం మాత్రం మాప్‌కు ఇచ్చేదే.

సైరన్ మోగిన రోజు

సర్వర్ రూము గురించి చెప్పాలి. బయట నలభై ఐదు డిగ్రీలుంటే లోపల మన ఊళ్లో సంక్రాంతి తెల్లవారుజాములా ఉంటుంది. ఫ్యాన్ల హోరుకు పక్కవాడి మాట వినపడదు. నేల పలకలు ఎత్తితే కింద మోకాలి లోతు ఖాళీ, అందులోంచి చల్లగాలీ కేబుళ్లూ పోతాయి. పొడుగాటి వాళ్లు అందులో దూరలేరు, కాబట్టి సన్నగా ఉన్న మన తెలుగోళ్లనూ నేపాలీలనూ దింపుతారు. ఎండలోంచి వచ్చి చెమట అంగీతోనే అందులో దిగి, మూడు గంటల తర్వాత మళ్లీ ఎండలోకి వస్తే ఒళ్లు నొప్పులు, దగ్గు. నాకు రెండేళ్లు దగ్గు వదల్లేదు. లోపలికి వెళ్లేటప్పుడు పొడి అంగీ మార్చుకో, పైన స్వెటర్ వేసుకో అని చెప్పిన వాడు లేడు. ఇప్పుడు నేను కొత్తవాళ్లకు మొదట చెప్పేది అదే.

2017లో ఒకరోజు నేనూ ఇంకో అబ్బాయీ పలకల కింద ఉన్నాం. సైరన్ మోగింది. ఎర్ర లైటు తిరుగుతోంది. ఇంగ్లిష్‌లో ఏదో చెబుతోంది మెషిన్. మేము ఏదో టెస్టింగ్ అనుకుని కేబుల్ కడుతూనే ఉన్నాం. ఆ నేపాలీ అన్న పరుగున వచ్చి మా కాలర్లు పట్టి బయటికి లాగాడు. అప్పుడు చెప్పాడు. సర్వర్ రూములో మంట వస్తే నీళ్లు చల్లరు, గ్యాస్ వదులుతారు. ఆ సైరన్ మోగితే చేతిలో ఉన్నది అక్కడే పారేసి బయటికి రావాలి. ఆ రోజు గ్యాస్ రాలేదు, సెన్సార్ తప్పుగా మోగిందట. మేము లోపల ఉండిపోయి, గ్యాస్ నిజంగానే వచ్చి ఉంటే?

నీలం ట్యాగు వాళ్లకు చేరిన వారంలోనే దీని మీద ట్రైనింగ్ ఇస్తారట. మాకు ఇవ్వలేదు. ఎందుకంటే మేము వాళ్ల ఉద్యోగులం కాదు. సప్లై కంపెనీ ఇవ్వలేదు, ఎందుకంటే ఆ రూము వాళ్లది కాదు. ఇలా రెండు కంపెనీల మధ్య సందులో మనిషి పడిపోతాడు. ఆఫీసు బాగోగులు చూసే మలయాళీ ఇంజినీర్ దగ్గరికి వెళ్లి, నాకొచ్చిన హిందీలో అడిగాను. ఆయన ముఖం మాడింది, కానీ వచ్చే నెల నుంచి మాకూ అరగంట క్లాసు పెట్టించాడు. హిందీలో. అరగంటే. ఆ అరగంట ముందే ఉంటే ఆ రోజు మా గుండెలు అలా కొట్టుకునేవి కావు. మీరు పనిచేసే చోట సర్వర్ రూము ఉంటే, తలుపు పక్కన రాసి ఉన్నది ఎవరితోనైనా చదివించుకోండి.

బేసిక్ ఎంత?

ఇప్పుడు డబ్బుల సంగతి. మన వాళ్లు జీతం ఎంత అంటే మొత్తం చెబుతారు. బేసిక్ ఎంత అంటే తల గోక్కుంటారు. నాకూ తెలియదు. నిర్మల్ అన్న లెక్క చూసేదాకా.

ఆయన నెల జీతం 1100 దిర్హాములు. అందులో బేసిక్ 600, తిండికి 300, 'ఇతరములు' 200. ఆరేళ్లు చేశాక 2019లో మా ఆఫీసు కాంట్రాక్టు వేరే సప్లై కంపెనీకి పోయింది, పాత కంపెనీ ఆయనను పంపించేసింది. సర్వీసు డబ్బులు వస్తాయని ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున 105 రోజులు, ఆరో ఏడాదికి 30 రోజులు, మొత్తం 135 రోజులు. రోజుకు 1100లో ముప్పయ్యో వంతు. ఆ లెక్కన 4950 దిర్హాములు. బిడ్డ పెళ్లికి బంగారం కూడా మాట్లాడి పెట్టాడు. చేతికి వచ్చింది 2700. కంపెనీ మోసం చేసిందని క్యాంపంతా గోల చేసింది. మోసం కాదు. చట్టం సర్వీసు డబ్బులను బేసిక్ మీద లెక్కగడుతుంది. బేసిక్ 600 అంటే రోజుకు 20 దిర్హాములు, 135 రోజులకు 2700. కాగితం మీద మొదటి రోజే రాసి ఉంది. ఆయన మొదటి రోజే సంతకం పెట్టాడు. ఏం రాసి ఉందో ఆయనకు చదివి చెప్పినవాడు లేడు.

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. యూఏఈ 2016లో ఆఫర్ లెటర్‌ను అరబీ, ఇంగ్లిష్‌తో పాటు పనివాడికి అర్థమయ్యే ఇంకో భాషలో కూడా ఇవ్వాలని పద్ధతి పెట్టింది. మొత్తం 11 భాషలు. హిందీ ఉంది, ఉర్దూ ఉంది, మలయాళం, తమిళం, బెంగాలీ, నేపాలీ ఉన్నాయి. తెలుగు లేదు. మలయాళీలు వాళ్ల భాషలో చదువుకుని సంతకం పెడితే, కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి వచ్చిన మనం వేలు చూపించిన చోట పెట్టాం. మనకు రెండు ప్రభుత్వాలున్నాయి, ఎన్నో సంఘాలున్నాయి. పండుగలకు స్టేజీలు వేస్తాం. ఈ ఒక్కటి అడిగినవాళ్లు ఎందరు?

ఓటీ కూడా బేసిక్ మీదే. మామూలు ఓటీకి పావు వంతు ఎక్కువ, రాత్రి పది నుంచి పొద్దున నాలుగు మధ్య చేస్తే సగం ఎక్కువ. 2023 జనవరి నుంచి ఉద్యోగం పోతే వచ్చే బీమా పెట్టారు కదా, నెలకు ఐదు దిర్హాములు, అదీ అంతే. ఏడాది పాటు కట్టి ఉండాలి. మన తప్పు లేకుండా పని పోతే బేసిక్‌లో 60 శాతం, మూడు నెలల దాకా. పోయిన ముప్పై రోజుల్లో అడగాలి. క్యాంపులో చాలామంది దాన్ని ఫైన్ పడకుండా కట్టే చందా అనుకుంటున్నారు. బేసిక్ 600 ఉన్నవాడికి అది నెలకు 360 దిర్హాములు. పెద్ద మొత్తం కాదు. పని లేని నెలలో మెస్ డబ్బులైనా వస్తాయి.

నిర్మల్ అన్న లెక్క చూశాక నేను కొత్త సప్లై కంపెనీ కాగితం మీద సంతకం పెట్టలేదు. కేబుల్ పని చేయిస్తున్నప్పుడు వీసా మీద కూడా అదే రాయండి, బేసిక్ పెంచండి అన్నాను. ముదీర్ నవ్వాడు. "బహుత్ లోగ్ హై" అన్నాడు. నాకు ధైర్యం ఎక్కడిదో నాకే తెలియదు. బహుశా ఆ మలయాళీ ఇంజినీర్ ఉత్తరం రాసిస్తానన్నందుకు కావచ్చు. ఆయన రాశాడు, నాలుగు లైన్లు. ఈ మనిషి నాలుగేళ్లుగా కేబుల్ టెక్నీషియన్ పని చేస్తున్నాడు, మాకు ఇతనే కావాలి అని. కొత్త కంపెనీ వీసా కొట్టించడం ఆలస్యం చేసింది, మధ్యలో రెండు నెలలు జీతం ఆలస్యం చేసింది. ఇంటికి డబ్బు పంపలేక అమ్మకు అబద్ధాలు చెప్పాను. చివరికి టెక్నీషియన్ అని రాశారు. బేసిక్ 1200. కొత్త పతాక ఫొటో తీసి భార్యకు వాట్సాప్ చేశాను. ఆమె దాన్ని తమ్ముడికి పంపలేదు, తనే కూడబలుక్కుని చదివింది.

అట్టపెట్టె అడిగిన సారు

నీలం ట్యాగు వాళ్లకు కష్టాలు ఉండవని అనుకునేవాణ్ణి. 2022 చివర, 2023 మొదట్లో ప్రపంచమంతా టెక్నాలజీ కంపెనీలు మనుషులను తీసేశాయి. మెటా 11 వేల మందిని, గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని, అమెజాన్ 18 వేలకు పైగా తీస్తున్నట్టు ప్రకటించాయి. ఇవి ప్యాంట్రీ టీవీలో వచ్చినప్పుడు మా ఆఫీసులో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. టీలు మాత్రం ఎక్కువ తాగేవారు.

మా అంతస్తులో గుంటూరు వైపు సారు ఒకాయన ఉండేవారు. నాతో తెలుగులో మాట్లాడే ఒకే ఒక్క నీలం ట్యాగు. ఉగాదికి ఇంటి నుంచి బొబ్బట్లు తెచ్చి ప్యాంట్రీలో పెట్టి "అన్నా, ముందు మీరు తినండి" అనేవారు. ఒక సోమవారం పొద్దున ఆయన కార్డు గేటు దగ్గర పెడితే ఎర్ర లైటు వచ్చింది. మళ్లీ పెట్టారు, మళ్లీ ఎరుపే. నెట్ పోయిందేమోనని నన్ను పిలిచారు. నేను టెస్టర్ పట్టుకుని వెళ్లాను. లైను బాగానే ఉంది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

గంట తర్వాత సెక్యూరిటీ పక్కన నిలబడి ఉండగా తన సామాను సర్దుకున్నారు. "అన్నా, ఒక అట్టపెట్టె ఉందా?" అని అడిగారు. టీ పొడి వచ్చిన డబ్బా ఇచ్చాను. పిల్లల ఫొటో, ఒక చిన్న వెంకటేశ్వర స్వామి బొమ్మ, చార్జర్లు. లిఫ్టు దాకా నేనే మోశాను. వెనక లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లాను, ముందు లిఫ్టు దగ్గర అందరూ చూస్తారని.

వారం తర్వాత ఫోన్ చేశారు. ఇంటి అద్దెకు ఏడాది చెక్కులు ముందే ఇచ్చి ఉన్నారు, పిల్లల బడి ఫీజు బాకీ, కారు లోను. వీసా క్యాన్సిల్ అయ్యాక ఉండే గడువులోపు ఇంకో పని దొరకాలి. "మీకు నయం అన్నా, క్యాంపులో మంచమైనా ఉంది" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. పన్నెండు మంది రూములో పై మంచం గురించి ఆయనకు ఏం తెలుసు? కానీ చెక్కు బౌన్స్ అవుతుందనే భయం గురించి నాకేం తెలుసని కూడా అనిపించింది. నేను ఏమీ అనలేదు. ఆయన ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నారు. పండుగకు మెసేజ్ పెడతారు.

బైకు మీది కంపెనీ

ఇంకో రకం టెక్నాలజీ కంపెనీ ఉంది. దానికి మన మనిషి కనిపించే ఆఫీసు లేదు. ఫోనే ఆఫీసు, ఫోనే మేనేజర్. మా పక్క రూములో ఇద్దరు సిరిసిల్ల తమ్ముళ్లు తిండి డెలివరీ చేస్తారు. మధ్యాహ్నం ఎండలో సైట్లన్నీ ఆగిపోయే జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పన్నెండున్నర నుంచి మూడింటి మధ్యే వాళ్లకు ఆర్డర్లు ఎక్కువ. ఎండలో బయటికి రాలేని వాళ్లందరికీ అప్పుడే ఆకలి వేస్తుంది మరి.

వాళ్లలో చాలామందికి కూడా వీసా యాప్ కంపెనీది కాదు, మధ్యలో డెలివరీ ఏజెన్సీది. బైకు, లైసెన్స్ ఖర్చు, పెట్రోలు ఎవరిది, ఆర్డరుకు ఎంత, ఫైన్ పడితే ఎవరు కట్టాలి అన్నవి ఏజెన్సీని బట్టి మారిపోతాయి. 2022 మే నెలలో దుబాయ్‌లో డెలివరూ రైడర్లు పని ఆపేశారు. ఆర్డరుకు 10.25 దిర్హాములు ఉన్నదాన్ని 8.75కు తగ్గిస్తామన్నారని. కంపెనీ ఆ మార్పు ఆపేసింది. ఆ నెలలోనే తలాబత్ రైడర్లు కూడా ఆగిపోయారు, ఆర్డరుకు 7.50 వస్తోంది, ఇంకో రెండు దిర్హాములు పెంచమని. సమ్మెకు చట్టం ఒప్పుకోని దేశంలో అది చిన్న సంగతి కాదు. ఎవరికి లాభమైంది, ఎవరు ఇంటికి పోయారు అన్నది రూముల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. ఆ తమ్ముళ్లలో చిన్నవాడు మాత్రం ఒకమాట అన్నాడు. "సైట్ల ఫోర్‌మన్ తిడితె మొఖం కనవడ్తది గదా అన్నా. ఈడ ఐడీ బంద్ అయితది, ఎవడు జేసిండో కూడ తెల్వది."

డాటా ఎంట్రీ పేరుతో

ఊరి నుంచి ఫోన్ చేసే తమ్ముళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. కంప్యూటర్ పని, డాటా ఎంట్రీ, డిజిటల్ మార్కెటింగ్, థాయిలాండ్, సింగపూర్, నెలకు లక్ష. ఈ మాటలు ఒకే నోట వస్తే అరచేతిలో వైకుంఠమే. 2022 సెప్టెంబర్‌లోనే భారత విదేశాంగ శాఖ హెచ్చరించింది. దుబాయ్‌లోనూ ఇండియాలోనూ ఉన్న ఏజెంట్లు ఐటీ ఉద్యోగాలని చెప్పి థాయిలాండ్‌కు పంపి, అక్కడి నుంచి సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మయావాడిలో పెడుతున్నారని. దుబాయ్ అన్న మాట గమనించండి. మన మధ్యే తిరిగేవాళ్లు.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఇలాంటి ముఠానే పట్టుకున్నారు. సింగపూర్‌లో డాటా ఎంట్రీ అని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని, కంబోడియాలో చైనా ముఠాలకు అప్పగించారు. అక్కడ వాళ్ల పని మన దేశంలో మన వాళ్లకే ఫోన్లు చేసి మోసం చేయడం. చేయనంటే తిండి పెట్టరు, కొడతారు. ఆ నెలలోనే అక్కడున్న మనవాళ్లు తిరగబడ్డారు. 2025 మార్చి 10, 11 తేదీల్లో మయన్మార్ ముఠాల నుంచి బయటపడిన 549 మంది భారతీయులను థాయిలాండ్ నుంచి వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. అందులో తెలుగు పిల్లలున్నారు. వాళ్లూ అమ్మలకు కంప్యూటర్ కంపెనీ అనే చెప్పి బయల్దేరి ఉంటారు.

పది పాసైన వాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్ ముద్ర ఉండదు, కాబట్టి పోయేటప్పుడు ఎమిగ్రేషన్ ఆఫీసులో కాగితాలు చూసేవాడు ఉండడు. చదువుకున్న పిల్లాడికే ఈ ముప్పు ఎక్కువ. లైసెన్స్ ఉన్న ఏజెంటా కాదా ఈ-మైగ్రేట్‌లో చూసుకోవచ్చు. లైసెన్స్ ఉన్నవాడు ముప్పై వేలు, దాని మీద పన్ను, అంతకు మించి తీసుకోకూడదు. విజిట్ వీసా మీద రమ్మంటే రావద్దు. యూఏఈలో ఉన్నవాళ్లకు ఏ అనుమానమున్నా దుబాయ్ కాన్సులేట్ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 800 46342. ఒకసారి నేను చేశాను. హిందీలో మాట్లాడారు, విసుక్కోలేదు.

మొన్న శుక్రవారం మా రూముకు కొత్త అబ్బాయి వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లె, ఇంటర్ ఫెయిల్. పతాక మీద క్లీనర్. సాఫ్ట్‌వేర్ బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. మొదటి రోజే ఆఫర్ లెటర్ తెప్పించి బేసిక్ ఎంతుందో చూపించాను. 650. రాత్రి వాడికి రెండు మూరల కేబుల్ ముక్క, పాత క్రింపింగ్ టూల్ ఇచ్చాను. నా మంచం మీద కూర్చుని చాలాసేపు తంటాలు పడ్డాడు. టెస్టర్ పెట్టాము. ఒకటి వెలిగింది, రెండు వెలిగింది, మూడు వెలిగింది, నాలుగు దగ్గర వరస తప్పింది.

"ఆకుపచ్చ వెట్టిన అన్నా," అన్నాడు.

కోసి మళ్లీ చేయమన్నాను.